బయానాకు ముందే న్యాయవాది

శుభముహూర్తములు గల మాసమున ఏ సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు ఆవరణమున కేగినను ఒకే దృశ్యము కానవచ్చును. చెట్టు నీడను దస్తావేజు లేఖరి తన సహాయకునిచేత సర్వే నంబరును, నాలుగు హద్దులను మరల చదివించుచుండును. మధ్యవర్తి ఇరుపక్షములవారి నడుమ తిరుగుచు తన పారితోషికమును జ్ఞాపకము చేయుచుండును. సాక్షులుగా వచ్చిన బంధువులు ఆధార్ కార్డులు చేతబట్టి నిలిచియుందురు. ఋణమిచ్చిన బ్యాంకు ఉద్యోగి చెక్కు పట్టుకొని గడియారము వంక చూచుచుండును. గడచిన ఇరువది యేండ్ల పొదుపును, భార్య నగలపై తెచ్చిన సొమ్మును, రానున్న ఇరువది యేండ్ల జీతమును ఒక్క సంతకముతో ధారవోయ వచ్చిన కొనుగోలుదారుడు మాత్రము తన పిలుపు వచ్చువరకు బల్లపై కూర్చుండి ఇష్టదైవమును స్మరించుచుండును. ఆ ఆవరణములో ప్రతివానికి ఒక పని కలదు, ఆ పనికొక ప్రతిఫలము కలదు. కాని, ఈ అమ్మువానికి ఈ ఇంటిపై నిజముగా హక్కున్నదా యని కొనువాని పక్షమున నిలిచి అడిగి, పాత కాగితములు తిరుగవేసి, సమాధానము రాబట్టిన మనిషి అచ్చట తరచుగా కానరాడు.

ఆ మనిషి న్యాయవాది. మనవారు ఇల్లు కొనునప్పుడు ఆయన గడప తొక్కరు. కొన్న ఇల్లు చేజారునప్పుడు తొక్కుదురు. పెండ్లికి జాతకములు చూపించువారు, గృహప్రవేశమునకు లగ్నము పెట్టించువారు, వీధిపోటు కలదేమోయని వాస్తు పండితుని వెంటబెట్టుకొని పోవువారు, ఆ ఇంటి హక్కు ఎవరినుండి ఎవరికి ఎట్లు సంక్రమించినదో చూపించుకొనుటకు మాత్రము వెనుదీయుదురు. ఈ అలవాటు మారవలెను. అది మారవలసిన ఘడియ రిజిస్ట్రేషను నాటి ఉదయము కాదు, బయానా సొమ్ము చేతులు మారుటకు ముందటి దినము. ఈ వ్యాసమున నేను నిరూపింపదలచినది ఇదియే.

నమోదగునది పత్రము, హక్కు కాదు

రిజిస్ట్రేషను అయినది గనుక ఇల్లు తనదైనదని సామాన్యుడు తలచును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము అట్టి అభయమేమియు నీయలేదు. పత్రమును వ్రాసియిచ్చినవాడు ఆ మనిషియేనా, తాను వ్రాసియిచ్చితినని ఒప్పుకొనుచున్నాడా, తగిన స్టాంపు సుంకము చెల్లినదా, ఆస్తి 22-ఎ సెక్షను క్రింది నిషిద్ధ జాబితాలో చేరియున్నదా యనునవి అధికారి చూచును. వ్రేలిముద్రలు తీయించును, ఛాయాచిత్రములు అంటించును, తన పుస్తకమున నకలు ఎక్కించును. అంతటితో ఆయన ధర్మము తీరినది. అమ్మువాడు హక్కును చూపు మూలపత్రము తేనిచో నమోదును నిరాకరింపవచ్చునని తమిళనాడు ప్రభుత్వము చేసికొన్న నిబంధనను 2025 ఏప్రిలు మాసమున సుప్రీంకోర్టు కొట్టివేయుచు, అమ్మువానికి హక్కు కలదో లేదో తేల్చుట నమోదు అధికారి పని కాదని స్పష్టముగా చెప్పినది. అనగా లేని హక్కును అమ్మినను పత్రము నమోదు కావచ్చును. కాని కొనువానికి సంక్రమించునది అమ్మువానికి ఎంత గలదో అంతయే. వానికేమియు లేనిచో వీనికిని ఏమియు లేదు. సుంకము మాత్రము తిరిగి రాదు.

హక్కునకు ప్రభుత్వమే పూచీపడు పద్ధతి లోకమున లేకపోలేదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టారెన్సు ప్రవేశపెట్టిన విధానమున ప్రభుత్వ పట్టికలో పేరున్నవాడే యజమాని. ఆ పట్టికను నమ్మి కొన్నవానికి ప్రభుత్వమే రక్ష. మనకట్టిది లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి ల్యాండ్ టైటిలింగు చట్టము ఆ దిశగా అడుగు వేయబోయినది. కాని వివాదములను సివిలు కోర్టుల నుండి తప్పించి వేరొక యంత్రాంగమునకు అప్పగించుచున్నదని న్యాయవాదులు విధులు బహిష్కరించి నిరసించిరి. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట ఆ చట్టము రద్దయ్యెను. తెలంగాణమున 2020లో ధరణియు, 2025లో భూభారతియు వచ్చినవి గాని, అవి ముఖ్యముగా వ్యవసాయ భూముల దస్త్రములకు చెందినవి. కావున నేటికిని ఉభయ రాష్ట్రములలో ఇల్లు కొనువానికి హక్కును గూర్చి హామీ యిచ్చు అధికారి ఒక్కడును లేడు. హక్కనునది పాత పత్రముల గొలుసునుండి ఊహించి గ్రహింపవలసిన వస్తువే గాని, ఒక ముద్రచేత సిద్ధించునది కాదు.

ఇట్టి వ్యవస్థలో చట్టము బరువంతయు కొనువాని భుజములపైననే మోపినది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము మూడవ సెక్షనున ఒక మాట కలదు. విచారణ చేసియుండిన తెలిసియుండెడి సంగతిని, బుద్ధిపూర్వకముగా విచారణ మానుటచేతగాని, ఘోరమైన అశ్రద్ధచేతగాని తెలిసికొననివాడు, ఆ సంగతి తెలిసినవాడుగానే పరిగణింపబడును. చట్టము నమోదు చేయవలెనన్న లావాదేవీ నమోదైనచో, ఆ పత్రమును ఆ ఆస్తిని పిదప కొనువానికి ఎరుకపరచినట్లే లెక్క. అదే చట్టము నలువదియొకటవ సెక్షను, అసలు యజమానుల వ్యక్తమైన లేదా సూచితమైన అనుమతితో యజమానివలె కనబడువాని యొద్ద కొన్నవానికి కొంత రక్షణ యిచ్చును. కాని తగిన జాగ్రత్త వహించి విచారించినవానికే ఆ రక్షణ. ఈ రెండు సూత్రములను కలిపి చదివిన యెడల తేలునది యేమి? కొనువాడు విచారించి తీరునని చట్టము ముందుగానే ఊహించుకొన్నది. విచారణ చేయించినవాడు పోరాడుటకు ఒక ఆయుధముతో న్యాయస్థానమున కేగును. చేయింపనివాడు వట్టి చేతులతో ఏగును. న్యాయవాదిని పెట్టుకొనుట ధనవంతుల విలాసము కాదనుటకు ఇంతకన్న బలమైన కారణము లేదు.

ఈసీ మాటాడని సంగతులు

ఇక ఆ విచారణ యెట్టిదో చూతము. మన మధ్యవర్తులు "ఈసీ శుభ్రముగా ఉన్నదండీ" యని ఒక్క మాటతో సర్వసందేహములను తీర్చివేయుదురు. ఈసీ యనగా రిజిస్ట్రేషను పుస్తకములలో ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీల పట్టిక. అది చెప్పునది నమ్మదగినదే. దాని మౌనమును నమ్ముటయే ప్రమాదము. నమోదు కాని వీలునామా అందుండదు. అన్నదమ్ములు పెద్దమనుష్యుల యెదుట నోటిమాటగా పంచుకొన్న పంపకము ఉండదు. కోర్టులో నడచుచున్న దావా ఉండదు. కాని ఆస్తి బదిలీ చట్టము ఏబదిరెండవ సెక్షను ప్రకారము దావా నడుచుచుండగా కొన్నవాడు, ఆ దావా సంగతి తనకు తెలియదన్నను, దాని ఫలితమునకు బద్ధుడే. అసలు దస్తావేజులను బ్యాంకులో దాఖలు చేసి తెచ్చిన ఋణము నమోదు కానిచో అదియు అందుండకపోవచ్చును. అట్టి తాకట్టులను వెదకుటకే 2011 నుండి సెర్సాయి యను కేంద్ర పట్టిక ఏర్పడినది. ఇన్నియు గాక, పురపాలక సంఘము ఇంటి నంబర్లను మార్చిన పట్టణములలో పాత నంబరుతోగాక కొత్త నంబరుతో మాత్రమే వెదకిన యెడల ఎంత చిక్కుపడిన ఆస్తికైనను "నిల్" అని ఈసీ రాగలదు. ఏ నంబరుతో, ఏ గ్రామము పేర, ఏ కాలమునకు వెదకవలెనో తెలిసినవాడే వెదకవలెను.

ముప్పది యేండ్ల చరిత్రను చూడవలెనను న్యాయవాదుల ఆచారము కేవలము పాత వాడుక కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టములో స్వాధీన తాకట్టును విడిపించుకొని ఆస్తిని తిరిగి పొందుటకు ముప్పది యేండ్లు గడువు. ప్రభుత్వము తన భూమికై దావా వేయుటకును ముప్పది యేండ్లు. ప్రైవేటు యజమాని తన హక్కునుబట్టి స్వాధీనము కోరుటకు, ఎదుటివాని అనుభవము ప్రతికూలమైన నాటినుండి పన్నెండేండ్లు. కావున పత్రముల గొలుసును ముప్పది యేండ్లు వెనుకకు నడిపించి, ప్రతి లంకెకును ముందటి లంకెతో సంధి కుదిరినదా యని పరీక్షింతురు. ఈ గొలుసులోని పత్రములనే లింకు దస్తావేజులని వాడుకలో అందురు. ఆ గొలుసులో ఒక్క లంకె నకలు రూపముననే కనబడి అసలు పత్రము కానరానిచో, ఆ అసలు ఏ బ్యాంకు పెట్టెలో నిద్రించుచున్నదోయని అనుమానించుట న్యాయవాది మొదటి ధర్మము.

ఒక ఉదాహరణము ఊహింతము. గుంటూరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన స్వార్జితముతో ఇల్లు కట్టి, వీలునామా వ్రాయకయే గతించెను. భార్యయు, ఇద్దరు కుమారులును, వివాహమై అమెరికాలో నివసించుచున్న కుమార్తెయు మిగిలిరి. పన్ను రసీదు పెద్దకుమారుని పేర మారినది. కరెంటు బిల్లు అతని పేర వచ్చుచున్నది. తల్లి అతని యొద్దనే యున్నది. అన్నదమ్ములిద్దరు కలిసి ఇల్లు అమ్మజూపిరి. "ఆడపిల్లకు పెండ్లినాడే ఇచ్చితిమి" అను మాటను కొనువాడు నిజమని నమ్మెను. మన సమాజములో ఆ మాటకు విలువ గలదు గనుక నమ్ముట సహజము. కాని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆ ఇంటిలో తల్లికి, కుమార్తెకు, ఇద్దరు కుమారులకు సమానముగా నాలుగవ వంతు చొప్పున హక్కు కలదు. ఉపాధ్యాయుని తల్లి బ్రతికియున్నచో ఆమెకును సమానముగా ఒక వంతు కలదు, అప్పుడు వంతులు ఐదగును. పన్ను రసీదు హక్కు నీయదు. పెండ్లినాటి కట్నము హక్కును తీసివేయదు. ఆ కుమార్తె హక్కు విడుదల పత్రము నమోదు చేసి యీయనంతవరకు, లేదా విక్రయ దస్తావేజుపై తానును సంతకము చేయనంతవరకు, కొనువాడు కొన్నది ఇల్లు కాదు, ఒక పంపకపు దావా.

పిత్రార్జితమైనచో చిక్కు మరింత లోతు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన రాష్ట్ర సవరణ అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః హక్కు కల్పించెను. 2005 నాటి కేంద్ర సవరణ వివాహిత, అవివాహిత యను భేదమును తొలగించెను. తండ్రి 2005 నాటికి జీవించియుండకున్నను ఆ హక్కు నిలుచునని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను. అయితే 2004 డిసెంబరు 20కి పూర్వమే జరిగిన విక్రయములను, నమోదైన పంపకములను ఆ సవరణ కదల్చదు. మైనరు పేరిట నున్న ఇంటిని తండ్రియైనను కోర్టు అనుమతి లేనిదే అమ్మజాలడు. అమ్మిన యెడల ఆ బాలుడు ప్రాయము వచ్చిన మూడేండ్లలోపల దానిని రద్దు చేయించుకొనవచ్చును. ఈ తేదీలను, మినహాయింపులను ఒక కుటుంబపు వంశవృక్షముపై పరచి చూచు నేర్పు మధ్యవర్తికి ఉండదు, దస్తావేజు లేఖరికి ఉండవలసిన పని లేదు. ఆ నేర్పునకే న్యాయవాదికి రుసుము.

భూమి స్వభావమును బట్టియు ఎన్నియో నిషేధములు కలవు. భూమిలేని పేదలకు ప్రభుత్వము పంచిన అసైన్డు భూమిని చేతులు మార్చుటను 1977 నాటి చట్టము నిషేధించినది. పట్టణము పెరిగి ఆ భూమి ఇండ్ల స్థలములైనను, తరువాతి సడలింపులలో దేనికిని లోబడనంతవరకు ఆ నిషేధము పోదు. ఏజెన్సీ ప్రాంతమున 1959 నాటి భూబదిలీ రెగ్యులేషను, దానికి 1970లో జరిగిన సవరణ, గిరిజనేతరునికి భూమి సంక్రమింపనీయవు. తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదా బైనామాలు తెలంగాణ గ్రామములలో నేటికిని ఎందరి హక్కులనో సందిగ్ధమున నుంచినవి. ఫ్లాటు కొనువానికి వేరొక గండము: భవన నిర్మాణపు నియమముల ప్రకారము బిల్డరు కట్టడములో పదవ వంతును ప్లానును అతిక్రమింపనని హామీగా నగరపాలక సంస్థకు అప్పగించుట కలదు, ఆ వంతులోని ఫ్లాటునే అమాయకుడు కొనుట సంభవింపవచ్చును. ఏ ఫ్లాటు హామీలో నున్నదో మంజూరైన ప్లానును చూచినవానికే తెలియును. మెరయు వర్ణచిత్రముల కరపత్రమును చూచినవానికి తెలియదు.

బయానా యను ముడి

ఇన్ని విచారణలు రిజిస్ట్రేషనుకు ముందు ఎప్పుడైనను చేయవచ్చును గదా, బయానాకు ముందే యను పట్టుదల ఎందుల కని ఎవరైన అడుగవచ్చును. ఏలయన, బయానా ముట్టిన క్షణమున కొనువాని స్వాతంత్ర్యము సగము నశించును. అంతవరకు ప్రశ్న అడుగుట అతని హక్కు. అటుపిమ్మట ప్రశ్న అడుగుట అమ్మువాని దృష్టిలో వంక వెదకుట. లోపము కనబడినను, ఇచ్చిన సొమ్ము పోవునేమోయను భయముతో కొనువాడు లోపమునకే సర్దుకొని కొనును. విక్రయ ఒప్పందము అందులకే అత్యంత ముఖ్యమైన పత్రము. మనవారు దానినే అత్యంత అశ్రద్ధగా వ్రాయుదురు. హక్కు నిర్దోషమని తేలనిచో బయానా ఎన్నాళ్లలో తిరిగి రావలెను? తాకట్టు ఉన్నచో దానిని తీర్చు బాధ్యత, గడువు ఎవరివి? బ్యాంకు ఋణము మంజూరు కానిచో ఏమగును? స్వాధీనము ఎప్పుడు? అద్దెకున్నవారిని ఖాళీ చేయించునది ఎవరు? ఈ ప్రశ్నలకు సమాధానము లేని ఒప్పందము రెండు పక్షములకును ఉచ్చు. ఒప్పందము మాత్రముచేత ఆస్తిలో ఎట్టి హక్కును పుట్టదని ఆస్తి బదిలీ చట్టము ఏబదినాలుగవ సెక్షను చెప్పుచున్నది. అమ్మువాడు మాట తప్పినచో మూడేండ్లలోపల దావా వేసి, తాను మొదటినుండి సొమ్ముతో సిద్ధముగా నుంటినని కొనువాడు రుజువు చేయవలెను. సొమ్మును నగదుగా, రసీదు లేక, నమ్మకముపై ఇచ్చినవాడు ఆ రుజువును ఎచ్చటనుండి తేగలడు? ఇల్లు కొనుటలో ఇరువది వేలుగాని అంతకు మించిగాని బయానాను నగదుగా పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టమునకును విరుద్ధమే.

నూతనముగా కట్టుచున్న భవనముల విషయమున శాసనకర్తలు ఈ సత్యమును గుర్తించిరి. 2016 నాటి రెరా చట్టము, విక్రయ ఒప్పందము నమోదు కాకయే ధరలో పదవ వంతును మించి బిల్డరు పుచ్చుకొనరాదని శాసించినది; కొనుగోలుదారులనుండి వచ్చిన సొమ్ములో నూటికి డెబ్బది వంతులు వేరు ఖాతాలో నుండవలెనన్నది; హక్కులోని లోపమువలన నష్టము కలిగినచో కాలపరిమితి అడ్డులేని పరిహారమును విధించినది. కాని పాత ఇల్లు ఒకరినుండి యొకరు కొనుచోట ఇట్టి కాపుదల లేదు. అచ్చట ఒప్పందమే చట్టము; ఆ ఒప్పందమును వ్రాయువాడే శాసనకర్త.

జీపీయే విక్రయములను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. సాధారణ అధికార పత్రము, ఒప్పందము, వీలునామా అను మూడింటిని కలిపి ఇల్లు అమ్మినట్లు భావించుట చిరకాలము నడచినది. దానివలన హక్కు సంక్రమింపదని 2011 అక్టోబరున సుప్రీంకోర్టు సూరజ్ లాంపు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. నిజమైన ఏజెంటు ద్వారా నమోదైన దస్తావేజు వ్రాయించుట వేరు. విదేశములందున్న మన తెలుగువారనేకులు తోబుట్టువులకట్టి అధికారము లిచ్చియే ఇండ్లు అమ్ముచున్నారు. అప్పుడు కొనువాడు ఆ పత్రము విదేశమున తగిన రీతిని ధ్రువపడినదా, ఇచ్చటకు చేరిన మూడు మాసములలోపల స్టాంపు పడినదా, అందు అమ్ముటకు, సొమ్ము పుచ్చుకొనుటకు అధికారము కలదా యని చూడవలెను. ఇచ్చినవాడు జీవించియున్నాడా యని కూడ చూడవలెను, ఏలయన సామాన్యముగా యజమాని మరణముతో ఆ అధికారము ముగియును. అమ్మువాడు విదేశవాసియైనచో పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలసిన భారము కొనువానిదే. ఈ దేశవాసి అమ్మిన ఏబది లక్షల ఇంటిపై నూటికొక రూపాయి చాలునుగాని, విదేశవాసి విషయమున లెక్క వేరు, మిక్కిలి అధికము. తెలియక తక్కువ పట్టుకొన్నవాడు తన జేబునుండి చెల్లింపవలసివచ్చును.

అమ్మువానికిని అవసరమే

న్యాయవాది కొనువానికే గాని అమ్మువాని కెందులకని తలచువారు కలరు. ఇది పొరపాటు. ఆస్తి బదిలీ చట్టము ఏబదియైదవ సెక్షను అమ్మువానిపై గొప్ప బాధ్యత నుంచినది: సామాన్య పరిశీలనకు అందని లోపమేదైన ఇంటియందుగాని హక్కునందుగాని తనకు తెలిసియున్నచో దానిని కొనువానికి చెప్పి తీరవలెను, చెప్పకుండుట మోసముతో సమానము. పైగా, వేరొప్పందము లేనంతవరకు, తనకు అమ్ము హక్కు కలదని అతడు పూచీపడినట్లే లెక్క. సగటు అమ్మువాడు చదువక సంతకము చేయు దస్తావేజులో, భవిష్యత్తున ఎవ్వరేవిధమైన తగాదా తెచ్చినను తన స్వంత ఖర్చులతో పరిష్కరించి నష్టపరిహారమిత్తునను వాక్యము దాదాపు ఎల్లప్పుడు ఉండును. ఆ వాక్యము అతని పిల్లల ఆస్తిని సయితము ఎంతవరకు బంధించునో వివరించువా డొకడు ఉండవలదా?

అంతకన్న తీవ్రమైనది సొమ్ము సంగతి. "ప్రతిఫలము యావత్తు ముట్టినది" అని దస్తావేజులో వ్రాసి నమోదు చేయించిన పిదప చెక్కు తిరిగివచ్చినను, విక్రయము చెల్లకపోదు. ధర రాలేదను కారణము మాత్రమున దస్తావేజును రద్దు చేయజాలమని 2020లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. అమ్మువానికి మిగులునది బాకీ సొమ్ముకై దావా, ఆ ఇంటిపై ఒక చార్జి మాత్రమే. వృద్ధాప్యమున, పిల్లల యొద్దకు పోవుటకై ఉన్న ఒక్క ఇంటిని అమ్ముకొను దంపతులకు ఈ ఒక్క సంగతి ముందుగా తెలియజెప్పిన న్యాయవాది, వారికి శేషజీవితపు నిద్రను ప్రసాదించినవాడే.

ఎవరి న్యాయవాది?

న్యాయవాది కావలెననుట చాలదు. తన న్యాయవాది కావలెను. బిల్డరు "మా లాయరుగారు చూచినారు" అనును. ఆ లాయరు బిల్డరు లాయరే. బ్యాంకు తన జాబితాలోని న్యాయవాదిచేత అభిప్రాయము వ్రాయించును. కొనువాడు దానికి రుసుము తానే చెల్లించి, అది తనకొరకే వ్రాసినదని భ్రమించును. ఆ అభిప్రాయము బ్యాంకు నుద్దేశించినది. బ్యాంకు చూచునది తన ఋణము వసూలగునా యని. దాని భయము ఋణపు మొత్తముతో ముగియును. కొనువాడు పెట్టిన స్వంత సొమ్ము, అతడు నివసింపదలచిన ఇల్లు, అతని పిల్లల భవిష్యత్తు ఆ అభిప్రాయపు పరిధిలోనివి కావు. అది ఉపయోగకరమైన కాగితమే. దానిని అడిగి తీసికొని తన న్యాయవాదికి చూపుట మంచిది. దానినే రక్షగా తలచుట మంచిది కాదు.

న్యాయవాది అభిప్రాయమునకు గల హద్దులను గూడ నిజాయితీగా చెప్పుకొనవలెను. గృహఋణములకై ఒక బ్యాంకుకు హక్కు అభిప్రాయము లిచ్చిన న్యాయవాదిపై హైదరాబాదున నడచిన క్రిమినలు కేసులో, మోసగాండ్రతో చేతులు కలిపినాడను ఆధారము లేక, అభిప్రాయము తప్పైనంతమాత్రమున అతనిని నేరస్థునిగా విచారింపరాదని 2012లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. న్యాయవాదుల సేవ వినియోగదారుల రక్షణ చట్టపు పరిధిలోనికి రాదని 2024 మే మాసమున మరల అదే కోర్టు చెప్పెను. అశ్రద్ధకు సివిలు దావాయు, దుష్ప్రవర్తనకు బార్ కౌన్సిలును మిగిలియే యున్నవి. కాని అవి దూరపు బాటలు. కావున ఎన్నికలోనే శ్రద్ధ వహింపవలెను. ఆస్తి యున్న జిల్లాలోని సివిలు కోర్టున వృత్తి సాగించు వానిని, ఆ ప్రాంతపు పాత సర్వే నంబర్ల చరిత్ర తెలిసిన వానిని కోరుకొనవలెను. ఎదుటి పక్షముతోగాని మధ్యవర్తితోగాని సంబంధము కలదా యని మొదటనే అడుగవలెను. అట్టి సంబంధమును తానై వెల్లడించుట బార్ కౌన్సిలు నియమముల ప్రకారము అతని విధి. రుసుమును బేరము కుదిరిన ధరపై వంతుగాగాక నిశ్చిత మొత్తముగా కుదుర్చుకొనవలెను. ఏలయన బేరము చెడినను అతని రుసుము చెడనప్పుడే అతడు నిర్భయముగా "వద్దు" అనగలడు. అభిప్రాయము నోటిమాటగా నుండరాదు: ఏ పత్రములను అసలులో చూచెనో, వేనిని నకలులో చూచెనో, ఏవి ఇంకను రావలసియున్నవో వ్రాతలో నుండవలెను.

రుసుమే అడ్డమనువారికి ఒక లెక్క చూపవచ్చును. ఉభయ రాష్ట్రములలో స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి నూటికి ఏడు రూపాయలకు పైబడియే యున్నవి. ఏబది లక్షల ఇంటికి ప్రభుత్వమునకు మూడున్నర లక్షలకు మించి చెల్లింతుము. ఆ సొమ్మునకు ప్రభుత్వము హక్కును గూర్చి ఒక్క హామీయు నీయదు. మధ్యవర్తికి వేరుగా సమర్పింతుము. ఆ హక్కును పరీక్షించు ఒకే ఒక వ్యక్తికి ఇవ్వవలసివచ్చినప్పుడు మాత్రము చేయి వెనుకాడును. ఇది పొదుపు కాదు.

ప్రభుత్వము, న్యాయవాదులు చేయవలసినది

అయినను ఆ రుసుమును భరింపలేని వారు లక్షల సంఖ్యలో కలరు. రెండు సెంట్ల స్థలము, ఒక రేకుల ఇల్లు కొనువానికి మోసమువలని నష్టము ధనవంతుని నష్టముకన్న పెద్దది. వీరికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ఎప్పుడో తలుపు తెరచియుంచినది. న్యాయసేవ యనగా కోర్టులో వాదించుట మాత్రమే కాదు, ఎట్టి న్యాయవిషయమునందైనను సలహా యిచ్చుట కూడ అని ఆ చట్టమే నిర్వచించినది. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, దివ్యాంగులు, అల్పాదాయులు ఆ సేవకు అర్హులు; స్త్రీలు ఆదాయముతో నిమిత్తము లేకయే అర్హులు. మన యిండ్లలో ఎన్నియో గృహిణి పేరిట నమోదగుచున్నవి గదా! ఆమె జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి, "ఈ ఇల్లు కొనబోవుచున్నాను, పత్రములు చూచి సలహా యిండు" అని అడుగు హక్కు నేడే కలిగియున్నది. ఆ హక్కు ఆమెకు తెలియదు. ఆ సంస్థలును దావా పుట్టిన పిమ్మట వచ్చువారికొరకే ఎక్కువగా ఎదురుచూచుచున్నవి.

కావున మూడు పనులు జరుగవలెనని నా అభిప్రాయము. ప్రతి సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు ద్వారమున, "ఇచ్చట పత్రము నమోదు చేయబడును, అమ్మువాని హక్కు పరీక్షింపబడదు" అని పెద్ద తెలుగు అక్షరములతో ఒక పలక వ్రేలాడవలెను, దానికి శాసనము అవసరము లేదు, సత్యము చెప్పవలెనను సంకల్పము చాలును. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు వారమున కొక దినమైనను ఇంటి పత్రముల పరిశీలనకు కేటాయింపవలెను. బార్ అసోసియేషనులు హక్కుల పరిశీలనలో అనుభవము గల సభ్యుల పట్టికను కోర్టు ఆవరణమున ప్రకటించి, చిన్న యిండ్లకు మితమైన రుసుమునకు సేవచేయ ముందుకు రావలెను. ల్యాండ్ టైటిలింగు చట్టమువలన ప్రజలు కోర్టుకు దూరమగుదురని వీధుల కెక్కిన న్యాయవాదులకు, ఆ ప్రజలు కోర్టు మెట్లెక్కవలసిన దుర్గతినే తప్పించు ఈ ధర్మము మరింత శోభ నిచ్చును.

మన సమాజము గెలిచిన దావాలనుబట్టి న్యాయవాదిని కొలుచును. పుట్టకుండ ఆగిన దావాను లెక్కించు పుస్తకము ఏ కోర్టులోను లేదు. ఒక సాయంకాలము, పాత కాగితముల కట్ట విప్పి, వంశవృక్షము గీసి, "అమెరికాలో నున్న ఆ అమ్మాయి సంతకము వచ్చువరకు బయానా ఇవ్వకుడు" అని చెప్పిన న్యాయవాది పేరు ఎచ్చటను నమోదు కాదు. ఆ మాటకు బేరము ఒక మాసము ఆగును. ఆ అమ్మాయికి తన తండ్రి ఇంటిలో తన వంతు దక్కును. అన్నదమ్ములు చెల్లెలిని కోర్టు బోనులో చూడవలసిన అవసరము తప్పును. కొన్నవాని పిల్లలు తమ ఇంటి గడపపై అమీనా అంటించిన కాగితము చూడకుండ పెరుగుదురు. ఆ యొక్క సాయంకాలము కొరకే, ఆ యొక్క మాట కొరకే, బయానా సొమ్ము ఇంటనుండగానే మనము న్యాయవాది తలుపు తట్టవలెను.